మూడో వరుసలో కూర్చుని చూడండి

ఏడు సీట్ల బండి కొన్నవాళ్లు ఎందరో తెలుసు గానీ, కొనేముందు ఏడో సీట్లో కూర్చుని చూసినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. షోరూముకి మొగుడూ పెళ్లాం వెళ్తారు. ఆయన స్టీరింగ్ పట్టుకుంటాడు, ఆవిడ పక్కసీట్లో కూర్చుని ఏసీ చల్లగా ఉందో లేదో చూస్తుంది. సేల్స్ కుర్రాడు బండిని హైవే ఎక్కించి ఎనికేపాడు దాకా తీసుకెళ్లి, "చూశారా సార్, సౌండే లేదు" అంటాడు. నిజమే, లేదు. ఖాళీ రోడ్డు మీద ఇద్దరు మనుషులతో వెళ్తుంటే ఏ కొత్త బండికైనా ఏం కష్టం?

నన్నడిగితే రెండే మాటలు చెబుతాను. ఒకటి, టెస్ట్ డ్రైవ్‌కి ఇంటిల్లిపాదీ వెళ్లండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిణ్ణి, ఆరడుగులున్న కొడుకుని తప్పకుండా తీసుకెళ్లండి. రెండోది, కొనేది హైబ్రిడ్ అయితే హైవే ఎక్కకండి. సాయంత్రం ఆరింటికి బెంజ్ సర్కిల్ కిందికి పోనివ్వండి. ఏడు సీట్ల సంగతి వెనక వరుసలో తేలుతుంది, హైబ్రిడ్ సంగతి సిగ్నల్ దగ్గర తేలుతుంది.

బెజవాడ రానివాళ్ల కోసం బెంజ్ సర్కిల్ గురించి నాలుగు ముక్కలు. మద్రాసు నుంచి కలకత్తా వెళ్లే రోడ్డూ, హైదరాబాదు నుంచి బందరు వెళ్లే రోడ్డూ కలుసుకునే చోటు అది. ఇప్పుడు వాటి నంబర్లు 16, 65. మా తరానికి ఇంకా ఐదో నంబరు, తొమ్మిదో నంబరే. 2020లో ఒక ఫ్లైఓవర్, ఆ తర్వాత దాని పక్కనే రెండోది వచ్చాక దూరం పోయే లారీలు, బస్సులు పైనుంచి వెళ్లిపోతున్నాయి. కింద మిగిలింది మేమే. పటమట నుంచి వచ్చే స్కూటర్లు, కంకిపాడు ఆటోలు, కాలేజీ బస్సులు, ఆటోనగర్‌కి విడిభాగాలు మోసే ట్రాలీలు, బందరు రోడ్డు మీద బట్టల షాపింగుకి వచ్చిన కార్లు. పది గజాలు కదలడం, ఆగడం. మళ్లీ పది గజాలు. పెళ్లిళ్ల సీజన్లో అయితే ఆ పది కూడా ఉండవు.

మేముండేది పటమటలో. మా ఇంట్లో బండి నడిపేది నేనే. మావారికి డ్రైవింగ్ వచ్చు గానీ, పక్కసీట్లో కూర్చుని దారి చెప్పడమే ఆయనకి ఎక్కువ ఇష్టం. అత్తయ్యగారికి ఎనభై దాటాయి. అమ్మాయి డాలస్ దగ్గర ఉంటుంది, ఏడాదికోసారి పిల్లల్ని వేసుకుని దిగుతుంది. అబ్బాయి, కోడలు, వాళ్ల పాప మాతోనే. ఊరు వెళ్లాలంటే రెండు కార్లు తీయడం, ఎవరు ఏ కార్లో అన్నదానిపై అరగంట చర్చ. అందుకని ఒకటే పెద్దది తీసుకున్నాం. టయోటా ఇన్నోవా హైక్రాస్, హైబ్రిడ్.

ఇది ఎస్‌యూవీయా కాదా అని బంధువుల్లో కుర్రాళ్లు వాదులాడుకుంటారు. చూపుకి ఎత్తుగా, మొహం దిట్టంగా ఉంటుంది కాబట్టి అమ్మేవాళ్లు ఎస్‌యూవీ పోలికలు చెబుతారు. లోపలి అమరిక మాత్రం మన పాత ఇన్నోవా వంశమే. ఆ వంశవృక్షం మన వైపు అందరికీ తెలిసిందే. 2000లో క్వాలిస్, 2005లో ఇన్నోవా, 2016లో క్రిస్టా, 2022 నవంబరులో హైక్రాస్. అన్నీ బెంగుళూరు పక్కన బిడదిలో తయారైనవే. దీన్నే కొద్ది మార్పులతో 2023లో మారుతి వాళ్లు ఇన్విక్టో పేరుతో తెచ్చారు. మన దేశంలో ఏడుగురు కూర్చునే పూర్తి స్థాయి హైబ్రిడ్ అంటే జనం ముందుగా చూసేది ఈ జంటనే.

పూర్తి స్థాయి అని ఎందుకన్నానంటే, హైబ్రిడ్ అనే బోర్డు ఇప్పుడు చాలా బళ్ల మీద కనిపిస్తోంది. కొన్నింటిలో చిన్న మోటారు ఇంజన్‌కి చేయూత ఇస్తుందంతే, తనంతట తాను చక్రాలు తిప్పలేదు. దాన్ని మైల్డ్ హైబ్రిడ్ అంటారు. 2025లో ఫార్చ్యూనర్‌కి పెట్టిన 48 వోల్టుల ఏర్పాటు అలాంటిదే, ఎర్టిగా పెట్రోల్‌లో ఉండేదీ అలాంటిదే. తేడా కనుక్కోవడానికి బ్రోచర్ చదవక్కర్లేదు. "ఇంజన్ ఆగిపోయి ఉండగా బండి కదులుతుందా?" అని అడగండి. కదిలితే స్ట్రాంగ్ హైబ్రిడ్. కదలకపోతే పేరుకే.

నేను ముప్పయ్యేళ్లు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పాను కాబట్టి, ఈ బండి లోపల జరిగేదేమిటో చెప్పకుండా ఊరుకోలేను. మనుషులందరూ ఎక్కితే బండి బరువు రెండు టన్నులు దాటుతుంది. అది గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. అప్పుడు దానిలో ఉండే గతిశక్తిని కరెంటు లెక్కలోకి మారిస్తే ఒక యూనిట్‌లో సుమారు ముప్పయ్యో వంతు. ఆ శక్తి ఎక్కణ్ణుంచి వచ్చింది? మనం డబ్బిచ్చి పోయించుకున్న పెట్రోలు నుంచి. మామూలు బండిలో బ్రేకు తొక్కగానే అదంతా బ్రేకుల దగ్గర వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది. సిగ్నల్ పడ్డ ప్రతిసారీ అంతే. హైబ్రిడ్‌లో బ్రేకు మీద కాలు పెట్టగానే ముందు చక్రాలు మోటారుని తిప్పుతాయి, మోటారు జనరేటరుగా మారి కరెంటు పుట్టిస్తుంది, అది బ్యాటరీలోకి వెళ్తుంది. మొత్తం తిరిగి రాదు, కొంత దారిలో పోతుంది. అయినా పోయేదంతా పోకుండా కొంత మిగులుతుంది కదా.

ఇక్కడ చాలామందికి వచ్చే అనుమానం బ్యాటరీ మీద. "ఛార్జింగ్ ఎక్కడ పెడతారండీ?" అని మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూడా అడిగాడు. ఎక్కడా పెట్టక్కర్లేదు. పెట్టడానికి ప్లగ్గే ఉండదు. హైక్రాస్‌లో ఉండేది నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ, ముందు సీట్ల కింద ఉంటుంది. దాని సామర్థ్యం మన ఇంటి మీటరు లెక్కలో యూనిట్ పైన కొంచెం. ఒకటిన్నర టన్నుల ఏసీ గంట తిరిగితే అయిపోయేంత. ఇంత చిన్నది ఎలా సరిపోతుందంటే, పైన చెప్పిన ముప్పయ్యో వంతు లెక్క చూడండి. దాని పని రోజంతా బండి లాగడం కాదు. ఒక సిగ్నల్ దగ్గర దొరికిన శక్తిని వచ్చే సిగ్నల్ దాకా దాచి ఉంచడం. దాచాలి, ఇవ్వాలి, మళ్లీ దాచాలి.

మోటార్లు రెండు. ఒకటి చక్రాలను తిప్పుతుంది, బ్రేకు వేసినప్పుడు కరెంటు పుట్టిస్తుంది. రెండోది ఇంజన్‌ని స్టార్ట్ చేస్తుంది, ఇంజన్ తిరుగుతున్నప్పుడు జనరేటరుగా పనిచేస్తుంది. ఇంజన్, రెండు మోటార్లు కలిసే చోట ప్లానెటరీ గేరు ఉంటుంది. నడుమ ఒక పళ్ల చక్రం, దాని చుట్టూ తిరిగే చిన్న చక్రాలు, వాటన్నిటి చుట్టూ ఒక కంకణం. ఎవరు ఎంత వేగంతో తిరగాలో కంప్యూటరు చూసుకుంటుంది. అందుకని దీనిలో క్లచ్ లేదు, మామూలు స్టార్టర్ లేదు, ఆల్టర్నేటర్ లేదు, ఒకటి రెండు మూడు అని మార్చే గేర్లు లేవు. 1997లో జపాన్‌లో ప్రియస్ వచ్చినప్పటి నుంచి మూల సూత్రం ఇదే.

ఇంజన్ కూడా కొంచెం వేరు. రెండు లీటర్ల పెట్రోలు ఇంజన్, అట్కిన్సన్ పద్ధతిలో పనిచేస్తుంది. 1882లో జేమ్స్ అట్కిన్సన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు చేసిన ఆలోచన అది. పిస్టన్ పైకి వస్తున్నప్పుడు లోపలికి గాలి పీల్చే వాల్వును కాసేపు మూయకుండా ఉంచుతారు. దాంతో నొక్కే దూరం కన్నా, మండిన వాయువు తోసే దూరం ఎక్కువవుతుంది. పెట్రోలు నుంచి పిండుకునేది పెరుగుతుంది. అత్యుత్తమ స్థితిలో ఈ ఇంజన్ పెట్రోలు శక్తిలో 41 శాతం పనిగా మారుస్తుందని టయోటా చెబుతుంది. పెట్రోలు ఇంజన్‌కి అది చాలా మంచి మార్కు. దానికి మూల్యం ఏమిటంటే, ఇంజన్ ఒక్కటే అయితే కింది నుంచి లాగే ఊపు తక్కువ. ఆ లోటు మోటారు పూడుస్తుంది. మోటారుకి సున్నా నుంచే బలం ఉంటుంది కదా. రెండూ కలిస్తే 186 పీఎస్.

ఇప్పుడు బెంజ్ సర్కిల్ కిందికి రండి. సిగ్నల్ పడింది, ఇంజన్ ఆగిపోయింది. ఏసీ మాత్రం ఆగదు. ఎందుకంటే దీనిలో ఏసీ కంప్రెసర్ ఇంజన్ బెల్టుతో కాదు, కరెంటుతో తిరుగుతుంది. మే నెలలో బెజవాడ ఎండ తెలిసినవాళ్లకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. పచ్చ లైటు పడగానే బండి చప్పుడు లేకుండా కదులుతుంది, పది గజాలు పోయి ఆగుతుంది, మళ్లీ కదులుతుంది. ఇంజన్‌కి ఇవేవీ తెలియవు. బ్యాటరీ తగ్గితే కాసేపు లేచి నింపి మళ్లీ పడుకుంటుంది. మండుటెండలో ఏడుగురితో ఉంటే ఈ లేవడాలు ఎక్కువవుతాయి, అది సహజం.

మైలేజీ దగ్గర కంపెనీ అంకె 23 పైన. అది ప్రయోగశాలలో, కొలతల ప్రకారం నడిపితే వచ్చేది. నాకు ఊళ్లో 15, 16 మధ్య వస్తోంది. హైవే మీద 100 దాటకుండా పోతే 16, 17. చూడ్డానికి పెద్ద గొప్పగా లేదనిపిస్తుంది. కానీ రెండంకెల మధ్య తేడా చూడండి. ఇంత బరువున్న మామూలు ఆటోమేటిక్ పెట్రోలు బండి హైవే మీద 13, 14 ఇచ్చినా, పటమట - గవర్నరుపేట మధ్య తిప్పితే 8, 9కి పడిపోతుంది. హైబ్రిడ్ పడిపోదు. దాని గొప్పతనమంతా ఆ పడిపోకపోవడంలోనే ఉంది. ఆంధ్రాలో పెట్రోలు లీటరు 109 రూపాయల పైమాట. ఊళ్లోనే నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగేవాళ్లకి లీటరుకి 9 వచ్చే బండికీ, పదిహేనున్నర వచ్చే బండికీ నెలకు సుమారు ఐదు వేల రూపాయల తేడా. ఈ ఐదు వేలు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

హైవే మీద సంగతి వేరు. హైదరాబాదు వెళ్తే కీసర, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్లు దాటుకుంటూ ఒకే వేగంతో పోతాం. బ్రేకు వేసే పని తక్కువ, కాబట్టి తిరిగి దొరికే శక్తీ తక్కువ. ఆ రోడ్డు మీద మంచి డీజిల్ బండి ఉన్నవాళ్లు హైబ్రిడ్ చూసి కుళ్లుకోనక్కర్లేదు. సంక్రాంతికి ముందురోజు పంతంగి దగ్గర మాత్రం డీజిల్ అన్నయ్యలు ఇంజన్లు తిప్పుకుంటూ, పొగ పీల్చుకుంటూ నిలబడి ఉంటే మాకు కొంచెం నవ్వొస్తుంది. ఇంకో సంగతి. ఓవర్‌టేక్ కోసం యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజన్ ముందు కేకేస్తుంది, వేగం ఆ తర్వాత నింపాదిగా అందుకుంటుంది. ఈ తరహా గేర్ల ఏర్పాటులో అది మామూలే. గేర్లు మార్చుకుంటూ నడపడంలో సరదా ఉన్నవాళ్లకి ఈ బండి నచ్చదు. మా అబ్బాయికి నచ్చలేదు.

తిరుమల ఘాట్ దిగేటప్పుడు చిన్న విషయం గమనించాలి. దిగుడు పొడుగునా మోటారు కరెంటు పుట్టిస్తూ పోతుంది, బ్యాటరీ చిన్నది కాబట్టి సగం దూరంలోనే నిండిపోతుంది. ఆ తర్వాత ఇంజన్ గుయ్యిమని తిరుగుతుంది. పెట్రోలు కాల్చదు, ఉత్తినే తిరిగి బండిని పట్టి ఉంచుతుంది. మొదటిసారి విన్నవాళ్లు కంగారు పడతారు. పడక్కర్లేదు.

సీట్ల దగ్గరికి వద్దాం, అసలు కథ ఇక్కడుంది. పాత ఇన్నోవాలు, ఫార్చ్యూనర్‌లు లారీల మాదిరి ఛాసిస్ మీద బాడీ కూర్చోబెట్టిన బళ్లు. ఇంజన్ ముందు, శక్తి వెళ్లేది వెనక చక్రాలకి. మధ్యలో ఆ షాఫ్ట్ పోవడానికి చోటు కావాలి, ఛాసిస్ ఎత్తు అదనం. ఫలితంగా లోపలి నేల ఎత్తుగా ఉంటుంది. వెనక కూర్చున్నవాళ్ల పాదాలకీ సీటుకీ మధ్య ఎత్తు చాలదు, మోకాళ్లు పైకి లేస్తాయి, తొడల కింద ఆసరా ఉండదు. గంట గడిస్తే నడుం పట్టేస్తుంది. హైక్రాస్‌కి విడి ఛాసిస్ లేదు, బాడీ అంతా ఒకే పెట్టె. శక్తి ముందు చక్రాలకే. వెనక్కి షాఫ్ట్ లేదు కాబట్టి నేల చదునుగా, కిందికి ఉంటుంది. బండి పొడవు 4,755 మిల్లీమీటర్లు, చక్రాల మధ్య దూరం 2,850. మూడో వరుసలో పెద్దవాళ్లు కూర్చోగలగడానికి కారణం ఈ అంకెలూ ఆ నేలా కలిసి చేసిన పని. హైబ్రిడ్‌కీ దీనికీ నేరుగా సంబంధం లేకపోయినా, బ్యాటరీ ముందు సీట్ల కింద ఇమిడిపోయింది కాబట్టి వెనక చోటు తినలేదు.

ఇక మధ్య వరుస. రెండు విడి సీట్లు తీసుకోవాలా, ముగ్గురు కూర్చునే బెంచీ తీసుకోవాలా అన్నది ప్రతి ఇంట్లో వచ్చే తగువు. విడి సీట్లు మహారాజుల్లా ఉంటాయి, ఖరీదైన రకంలో కాళ్ల కింద ఆసరా కూడా పైకి లేస్తుంది. షోరూములో దాన్ని లేపి చూపించగానే మావారు అక్కడే సంతకం పెట్టేలా ఉన్నారు. ఆ సీటు వెనక్కి జరిపి కాళ్లు చాపుకుంటే, వెనకవాళ్ల కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలి? ఆ ప్రశ్న ముందు కూర్చున్నవాళ్లకి రాదు. మేం ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. వెనక మనుషులుంటే మధ్య సీటు సగం కన్నా వెనక్కి జరపకూడదు. విడి సీట్లతో ఒక లాభం, రెండింటి నడుమ సందులోంచి వెనక్కి వెళ్లొచ్చు. చీర కట్టుకున్నవాళ్లకి సీటు మడిచి పక్కనుంచి ఎక్కడం కన్నా ఇది నయం. అయినా అత్తయ్యగారిని మూడో వరుసకి పంపే ప్రశ్నే లేదు. పరీక్షకోసం టెస్ట్ డ్రైవ్‌లో ఒకసారి కూర్చోబెట్టాం. "కూర్చోవడానికి బాగానే ఉందమ్మాయ్, దిగడానికే మళ్లీ పుట్టాలి" అన్నారు.

పసిపిల్ల ఉన్న ఇంట్లో ఇంకొకటి. పాప సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు మధ్య వరుసలో ఉంటాయి. పాప సీటు ఒకవైపు, అత్తయ్యగారు ఒకవైపు పోతే మధ్య వరుస నిండిపోయింది. అంటే ఆరడుగుల అబ్బాయి, కోడలు వెనక్కే. ఏడు సీట్ల బండిలో మూడో వరుస పిల్లలకి అని అందరూ అంటారు గానీ, పసిపిల్లలున్న ఇంట్లో అక్కడ కూర్చునేది పడుచువాళ్లు. అందుకే ఆరడుగులవాణ్ణి టెస్ట్ డ్రైవ్‌కి తీసుకెళ్లమన్నాను. అతని తల పైకప్పుకి తగులుతోందా, ఏసీ గాలి అతని దాకా చేరుతోందా, అతనికి తల ఆనించే దిండూ భుజం మీదుగా వచ్చే బెల్టూ ఉన్నాయా చూడండి. మన ఇళ్లలో వెనక సీటు బెల్టు అంటే ఇప్పటికీ నవ్వుతారు. 2025లో భారత్ ఎన్‌క్యాప్ ఢీకొట్టే పరీక్షల్లో హైక్రాస్‌కి ఐదు నక్షత్రాలు వచ్చాయి. బెల్టు పెట్టుకోని మనిషిని ఆ నక్షత్రాలు కాపాడవు.

డిక్కీ గురించి ఎవరూ నిజం చెప్పరు. ఏడుగురూ కూర్చుంటే వెనక మిగిలేది 300 లీటర్లు. నాలుగు క్యాబిన్ బ్యాగులు సర్దితే అయిపోయినట్టే. మూడో వరుస మడిచేస్తే 991 లీటర్లు, అప్పుడు గన్నవరం విమానాశ్రయంలో అమ్మాయి తెచ్చే రెండేసి పెద్ద సూట్‌కేసులు హాయిగా పడతాయి. అంటే ఏడుగురు మనుషులో, నలుగురు మనుషులూ వాళ్ల సామానో. రెండూ కావాలంటే పైన క్యారియర్ కట్టించుకోవాలి. మామిడికాయల కాలంలో నూజివీడు నుంచి వచ్చేటప్పుడు మాకు ఈ లెక్క బాగా తెలిసొస్తుంది. రసాల బుట్ట ఒడిలో పెట్టుకున్నవాళ్లే దిగేటప్పుడు రెండు పళ్లు ఎక్కువ తింటారు.

డెల్టా రోడ్ల మీద ఈ బండితో నాకు బాగా ఇష్టమైన దారి ఉయ్యూరు, పామర్రు మీదుగా చల్లపల్లి, అక్కణ్ణుంచి మోపిదేవి. సుబ్రహ్మణ్యేశ్వరస్వామి దర్శనం చేసుకుని, ఓపికుంటే అవనిగడ్డ, కోడూరు మీదుగా హంసలదీవి, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. బందరు హైవే వదిలి లోపలికి తిరిగాక వేగం ఎలాగూ ఉండదు. కోతల కాలంలో రోడ్డు సగం మీద ధాన్యం ఆరబోసి ఉంటారు. చెరుకు కాలంలో ఉయ్యూరు ఫ్యాక్టరీకి వెళ్లే ట్రాక్టర్లు ముందుంటాయి. అలాంటి చోట బండి మోటారు మీదే సాగిపోతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. చప్పుడు లేని బండి వెనక వస్తోందని ధాన్యం తిరగేస్తున్న మనిషికి తెలియదు. హారన్ కొట్టాలి, అదీ దూరం నుంచే, మెల్లిగా. మా కాలనీలో తెల్లారి ముగ్గులేసేవాళ్ల దగ్గర కూడా అంతే.

ఉయ్యూరు చెరుకు అన్నాను కదా, దానికీ ఈ బండికీ చిన్న బంధుత్వం ఉంది. 2023 ఆగస్టులో ఢిల్లీలో నితిన్ గడ్కరీ ఆవిష్కరించిన ఫ్లెక్స్ ఫ్యూయల్ నమూనా ఈ హైక్రాసే. పెట్రోలులో ఇథనాల్ చాలా ఎక్కువ పాళ్లలో కలిపినా నడిచేలా, హైబ్రిడ్ మోటారుతో సహా చేసిన బండి అది. ఇథనాల్‌కి పెట్రోలు కన్నా శక్తి తక్కువ కాబట్టి మైలేజీ తగ్గుతుంది, ఆ తగ్గినదాన్ని హైబ్రిడ్ కొంత పూడుస్తుందన్నది ఆలోచన. ఇప్పుడు బంకుల్లో పోసే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకి మామూలు హైక్రాస్ తయారై ఉంది.

వరద గురించి చెప్పకపోతే బెజవాడ మనిషిని కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపంతా రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఎన్ని కార్లు సీట్ల దాకా మునిగాయో ఊరంతా చూసింది. ఏ బండైనా మునిగితే స్టార్ట్ చేయకూడదు. హైబ్రిడ్ అయితే ఇంకా జాగ్రత్త. లోపల నారింజ రంగు తొడుగున్న కేబుళ్లు కనిపిస్తాయి, వాటిలో వందల వోల్టులుంటాయి. వాటిని ముట్టుకోకూడదు, తెలిసిన మెకానిక్ అయినా సరే ఈ పనిలో శిక్షణ లేకపోతే ముట్టనివ్వకూడదు. బండిని తోయించకుండా, ఎత్తించి తీసుకెళ్లాలి. ముందు చక్రాలు నేల మీద దొర్లుతూ పోతే మోటారు కూడా తిరిగి కరెంటు పుట్టిస్తుంది. ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు నీళ్ల వల్ల ఇంజన్‌కి, హైబ్రిడ్ భాగాలకి నష్టం వస్తే కవర్ అవుతుందా అని కాగితం మీద చూపించమనండి. మాట మీద వద్దు.

మెయింటెనెన్స్ అంటే అందరూ పెద్ద బ్యాటరీ గురించి భయపడతారు. దానికి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. బ్యాటరీ చల్లబడడానికి గాలి పీల్చుకునే జాలీ ఉంటుంది, దానికి అడ్డంగా సంచులు పెట్టకుండా చూసుకుంటే చాలు. నిజంగా ఇబ్బంది పెట్టేది ఇంకో చిన్న బ్యాటరీ, పాత బళ్లలో ఉండే 12 వోల్టులదే. కంప్యూటర్లని మేల్కొలిపేది అదే. చాలామంది అమ్మాయి పురుడికని అమెరికా వెళ్లి ఆరు నెలలుంటారు, బండి సెల్లార్లో గుడ్డ కప్పుకుని ఉంటుంది. వచ్చాక బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. పెద్ద బ్యాటరీలో కరెంటున్నా ప్రయోజనం లేదు. వెళ్లేముందు ఎవరికైనా తాళాలిచ్చి వారానికోసారి అరగంట ఆన్ చేసి ఉంచమనండి. ఆన్‌లో ఉంటే పెద్దది చిన్నదాన్ని నింపుతుంది. బ్రేకు ప్యాడ్లు మాత్రం చాలాకాలం వస్తాయి, సగం పని మోటారే చేస్తుంది కదా. ఆటోనగర్‌లో లారీ ఇంజన్ విప్పి మళ్లీ బిగించగల మేస్త్రీలున్నారు. ఆ చేతులు ఈ నారింజ కేబుళ్ల విద్య కూడా నేర్చుకుంటే వారంటీ అయిపోయిన బళ్లకి దిక్కు దొరుకుతుంది.

డాలస్‌లో మా అమ్మాయి వాళ్లది టయోటా వాళ్లదే, సియెన్నా. 2021 మోడల్ నుంచి అక్కడ ఆ బండి హైబ్రిడ్‌గా తప్ప రావడంలేదు. తెలుగువాళ్ల పార్కింగుల్లో, గుడి దగ్గరా అది విరివిగా కనిపిస్తుంది. ఎస్‌యూవీ రూపమే కావాలనేవాళ్లకి 2023లో గ్రాండ్ హైలాండర్ వచ్చింది. సియెన్నాలో నాకు కుళ్లు పుట్టించింది హైబ్రిడ్ కాదు, పక్కకి జరిగే తలుపులు. పటమట సందుల్లో, సెల్లార్లో స్తంభాల మధ్య తలుపు సగమే తెరుచుకునే చోట అత్తయ్యగారిని ఎక్కించాలంటే అలాంటి తలుపే కావాలి. ఇన్నోవాకి అవి ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే బండి ఎస్‌యూవీలా కనిపించదని కాబోలు.

ధర సంగతి. హైక్రాస్‌లో హైబ్రిడ్ రకాలు షోరూము ధరే 26 లక్షల చుట్టుపక్కల మొదలవుతాయి. లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు కలిపి రోడ్డెక్కేసరికి 30 దాటుతుంది. ఒకప్పుడు హైబ్రిడ్‌కి పన్నులో కొంచెం వెసులుబాటు ఉండేది. పెద్ద ఎస్‌యూవీల మీద జీఎస్టీ, సెస్సు కలిపి 50 శాతం పడుతుంటే, హైబ్రిడ్ మీద 43 పడేది. 2025 సెప్టెంబరు 22 నుంచి సెస్సు తీసేసి పెద్ద బళ్లన్నిటికీ 40 శాతం చేశారు. ధర తగ్గింది గానీ, డీజిల్ ఎస్‌యూవీ కన్నా తక్కువ పన్ను అనే మాట పోయింది. పూర్తి ఎలక్ట్రిక్ బళ్లకి 5 శాతమే. ఏడు సీట్ల ఎలక్ట్రిక్‌లు కూడా వచ్చేశాయి. ఇంటి దగ్గర సొంత ఛార్జర్ పెట్టుకునే వీలుండి, తిరుగుడంతా ఊళ్లోనే అయితే నేను వాటివైపే చూడమంటాను. మా అపార్ట్‌మెంట్‌లో సెల్లార్లో ప్లగ్ పాయింటు మీద అసోసియేషన్ మీటింగ్ ఇంకా నడుస్తోంది.

ఇప్పుడు ఆ ఐదు వేల లెక్క. అదే బండిలో మామూలు పెట్రోలు రకానికీ హైబ్రిడ్‌కీ ఐదారు లక్షల తేడా ఉంటుంది. హంగులు కూడా వేరనుకోండి. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే ఆ తేడా తిరిగి రావడానికి ఎనిమిదేళ్ల పైమాటే. రెండు వేలు తిరిగితే నాలుగైదేళ్లు. ఐదువందలు తిరిగేవాళ్లకి ఈ జన్మలో రాదు. మేం కాలేజీలకి, ఆసుపత్రికి, ఊళ్లకి కలిపి రెండు వేలకి దగ్గరగా తిరుగుతాం కాబట్టి నాకు సరిపోయింది.

గొల్లపూడిలో ఉండే మా ఆడపడుచుకి ఈ లెక్కంతా కాగితం మీద వేసి చూపించాను. "నువ్వు కొనుక్కుని నన్నెందుకు వద్దంటావు వదినా?" అని మొదట మూతి ముడుచుకుంది. వాళ్లు తిరిగేది వారానికి రెండుసార్లు గుడికి, బజారుకి. చివరికి ఎర్టిగా సీఎన్‌జీ తీసుకుంది. అందులోనూ సీట్లు ఏడే, ఖర్చు సగం కన్నా తక్కువ. వెనక సిలిండర్ డిక్కీని మింగేస్తుందని ముందే చెప్పాను, ఊరెళ్తే సామాన్లు ఎక్కడ పెడతావని అడిగాను. "ఊరెళ్లేటప్పుడు మీ బండి ఉందిగా వదినా" అంది.